వరంగల్‌లో ఉప్పునీళ్ళ అక్వేరియం: చేపల కంటే ముందు నీళ్ళు కుదరాలి

మొదటి ఉప్పునీళ్ళ ట్యాంకు పెట్టాలనుకున్నవాళ్ళు ముందుగా అడిగేది ఏ చేపలు తేవాలని. హన్మకొండలోనో కరీంనగర్‌లోనో పెట్టే ట్యాంకుకు ఆ సంగతి రెండు నెలల తర్వాత. ఇక్కడ ముందు తేల్చుకోవాల్సినవి రెండు: ఏ నీళ్ళు పోస్తాం, ఎండాకాలంలో వాటిని ఎట్లా చల్లగా ఉంచుతాం. ఈ రెండూ కుదిరితే మిగతాదంతా ఓపికతో అయ్యే పని. కుదరకపోతే ఎంత ఖరీదైన సామాను కొన్నా ఆ ట్యాంకు రోహిణి కార్తె దాటదు.

చిన్న ట్యాంకైతే సులువనుకుంటారు. ఉప్పునీళ్ళలో అది తలకిందులు. 30 లీటర్ల ట్యాంకులో లీటరు నీళ్ళు ఆవిరైతేనే ఉప్పుదనం మారిపోతుంది. మొదటిసారికి 3 అడుగుల పొడవు, ఒకటిన్నర అడుగు వెడల్పు, ఒకటిన్నర అడుగు ఎత్తున్న ట్యాంకు మంచిది. 90×45×45 సెంటీమీటర్లంటే నిండా 182 లీటర్లు. పైన కొంత ఖాళీ, లోపల ఇసుక, రాళ్ళు పోను 150 లీటర్ల నీళ్ళు పడతాయి. అద్దం 10 మిల్లీమీటర్ల మందం ఉండాలి. అన్నీ కలిపితే బరువు పావు టన్నుకు దగ్గరగా వస్తుంది కాబట్టి టీవీ బల్ల మీద పెట్టొద్దు. వెల్డింగ్ షాపులో చదరపు పైపుతో స్టాండు చేయించి పౌడర్ కోటింగ్ వేయించండి. ఉప్పునీటి తుంపరలు పడితే మామూలు రంగు కింద ఇనుము ఏడాదిలోపే పొరలు పొరలుగా లేస్తుంది. స్టాండు పైన గ్రానైట్ పలకో 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్డో వేసి, దాని మీద పలుచటి థర్మాకోల్ షీటు పరవండి. నీళ్ళు పోయకముందే రసమట్టం పెట్టి నాలుగు వైపులా చూడండి.

ఇక నీళ్ళు. బోరు నీళ్ళు నేరుగా పనికిరావు. నీళ్ళలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరు ముంచితే 500, 800 చూపించే బోర్లు మన దగ్గర మామూలే. అందులో ఫ్లోరైడు ఎంతో, నైట్రేటు ఎంతో, సిలికా ఎంతో మీటరు చెప్పదు. మిషన్ భగీరథ నల్లా నీళ్ళు బోరు కంటే నయమే కానీ వాటిలో క్లోరిన్ ఉంటుంది. ఏ నీళ్ళయినా ముందు ఆర్‌వో, ఆ తర్వాత మిగిలిన లవణాలను పట్టేసే డీఐ రెజిన్ దాటి రావాలి. వంటింట్లో ఉన్న ఆర్‌వో మిషన్‌నే వాడుకోవచ్చు. అయితే రుచి కోసం పెట్టే మినరల్ కాట్రిడ్జి, టీడీఎస్ అడ్జస్టర్ రెండూ తగలకుండా, మెంబ్రేన్ (ఆర్‌వోలోని వడపోత పొర) దాటగానే లైను విడిగా తీయించాలి. అడ్జస్టర్ చేసేది శుభ్రమైన నీళ్ళలో కొంచెం వడకట్టని నీళ్ళు కలపడమే. అది ఉన్నంతకాలం మీ రెజిన్‌కు పని తగ్గదు.

మెంబ్రేన్ 90 నుంచి 95 శాతం ఆపుతుంది. అంటే 800 టీడీఎస్ నీళ్ళు 40, 80 మధ్య బయటికొస్తాయి. మిగిలింది రెజిన్ పట్టుకోవాలి. చివర్లో మీటరు 0 చూపాలి. 3 దాటిందంటే రెజిన్ మార్చాల్సిందే. వాటర్ ప్లాంటు క్యాన్ నీళ్ళు ఒక్కరోజు అవసరానికి సరే. ఎప్పుడూ అవే పోస్తే ట్యాంకులో నాచు వదలదు.

కిరాణా కొట్లో దొరికే దొడ్డుప్పుతో సముద్రపు నీళ్ళు తయారు కావు. సముద్రపు నీటిలో లీటరుకు దాదాపు 35 గ్రాముల లవణాలుంటాయి. అందులో మెగ్నీషియం సుమారు 1,300 మిల్లీగ్రాములు, కాల్షియం 400, పొటాషియం 400. దొడ్డుప్పులో దాదాపు అంతా సోడియం క్లోరైడే. అక్వేరియం కోసమే చేసిన మెరైన్ సాల్ట్ కొనాలి. లీటరుకు సుమారు 37 గ్రాములు పడుతుంది కాబట్టి 150 లీటర్లకు అయిదున్నర కిలోలు. కంపెనీని బట్టి లెక్క కొంచెం మారుతుంది, సంచి మీద చూసుకోండి.

కలిపేటప్పుడు నీళ్ళు ముందు, ఉప్పు తర్వాత. ఉప్పు వేసి దాని మీద నీళ్ళు పోస్తే కాల్షియం తెల్లటి పిండిలా అడుగున పేరుకుంటుంది, ఇక కరగదు. మోటారు తిరుగుతుండగా గుప్పెడు గుప్పెడుగా వేసి ఒక రోజు తిరగనివ్వండి. మొదటిసారి ట్యాంకులోనే కలపొచ్చు. చేపలు వచ్చాక మాత్రం వేరే డ్రమ్ములో కలిపి పోయాలి.

ఉప్పుదనం కొలవడానికి రిఫ్రాక్టోమీటరు కొనండి. చవక ప్లాస్టిక్ హైడ్రోమీటరు ముల్లుకు ఒక్క గాలిబుడగ అంటుకున్నా లెక్క తప్పుతుంది. రిఫ్రాక్టోమీటరు అద్దం మీద రెండు చుక్కలు వేసి, మూత మూసి, అర నిమిషం ఆగి, వెలుతురు వైపు పట్టి చూస్తే నీలానికీ తెలుపుకూ మధ్య గీత కనిపిస్తుంది. ఆ గీత సాంద్రత స్కేలు మీద 1.025 దగ్గర ఉండాలి. దాన్ని సరిచేసేటప్పుడు ఆర్‌వో నీళ్ళతో సున్నా పెట్టి వదిలేయొద్దు. 35 పీపీటీ (వెయ్యి వంతుల్లో 35 వంతుల ఉప్పు) కాలిబ్రేషన్ ద్రావణంతో సరిచేయాలి. మనం కొలిచేది అక్కడే కదా, సున్నా దగ్గర కాదు.

ఇప్పుడు ఎండ. ట్యాంకు నీళ్ళు 25, 26 డిగ్రీల దగ్గర ఉండాలి. 28 వరకు చేపలు ఓర్చుకుంటాయి. 30 దాటి రోజుల తరబడి ఉంటే ప్రాణం మీదికొస్తుంది. వేడి నీళ్ళలో ప్రాణవాయువు తక్కువ కరుగుతుంది. పైగా 25 డిగ్రీల దగ్గర మంచినీళ్ళతో పోలిస్తే ఉప్పునీళ్ళలో కరిగేదే అయిదో వంతు తక్కువ. మేలో బయట 43, 44 ఉన్నప్పుడు పై అంతస్తు గదిలో, స్లాబు కింద ట్యాంకు పెట్టడం చేపలను ఉడకబెట్టడమే. కింది అంతస్తు, ఉత్తరం గోడ, కిటికీ ఎండ తగలని చోటు వెతకండి.

చవకైన మందు ఫ్యాను. నీటి ఉపరితలం మీదికి ఏటవాలుగా ఒక చిన్న ఫ్యాను తిప్పితే నీళ్ళు ఆవిరై 2 నుంచి 4 డిగ్రీలు తగ్గుతాయి. ఒక్క లీటరు ఆవిరైతే 150 లీటర్ల నీళ్ళను దాదాపు 4 డిగ్రీలు చల్లబరిచేంత వేడి పోతుంది. గది నుంచి వేడి మళ్ళీ ఎక్కుతూనే ఉంటుంది కాబట్టి రోజుకు మూడు, నాలుగు లీటర్లు ఖర్చవుతాయి. ఒక తిరకాసుంది. అదే గదిలో తలుపులు మూసి ఎయిర్ కూలరు నడిపితే గాలి తేమతో నిండి, ట్యాంకు మీది ఫ్యాను పనిచేయడం మానేస్తుంది. కూలరు ఉన్న గదిలో కిటికీ తెరిచి ఉంచాలి, లేదా ట్యాంకును వేరే గదిలో పెట్టాలి. వానాకాలంలో ఉక్కపోసే రోజుల్లోనూ ఫ్యాను బలం తగ్గుతుంది. గది 38 డిగ్రీలకు చేరే ఇళ్ళలో ఫ్యాను చాలదు, ఏసీ గాని, ట్యాంకు నీళ్ళను చల్లబరిచే మిషన్ చిల్లర్ గాని కావాలి. చిల్లర్ ఎన్ని లీటర్లకు అని మాత్రమే అడగొద్దు, గది వేడి కంటే ఎన్ని డిగ్రీలు కిందికి దించగలదని అడగండి. అది ఊదే వేడి గాలికి బయటికి దారి కూడా ఉండాలి.

ఆవిరయ్యేది నీళ్ళే, ఉప్పు కాదు. అందుకే తగ్గిన మేరకు పోయాల్సింది ఉప్పు కలపని ఆర్‌వో డీఐ నీళ్ళు. కొత్తవాళ్ళు ఎక్కువగా తప్పేది ఇక్కడే. ఉప్పునీళ్ళు పోస్తూ పోతే రోజుకు నాలుగు లీటర్ల లెక్కన దాదాపు 1 పీపీటీ పెరుగుతుంది. వారం తిరిగేసరికి 35 ఉండాల్సింది 42కు చేరుతుంది. అద్దం మీద టేపుతో గీత పెట్టుకుని రోజూ ఒకే సమయానికి ఆ గీత దాకా నింపండి. చలికాలం రాత్రుల కోసం 150 వాట్ల హీటరు కూడా కావాలి.

ఇసుక అరగొనైట్ అనే సున్నపు ఖనిజానిదే ఉండాలి. గోదావరి ఇసుక వద్దు, అది సిలికా, నీటి క్షారతకు ఏ సాయమూ చేయదు. 3 సెంటీమీటర్ల మందానికి 18 నుంచి 20 కిలోలు. రాళ్ళు మాత్రం ఆలోచించి కొనండి. గట్టి పగడాలన్నీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి, చచ్చిన పగడపు ముక్క కూడా అమ్మకూడదు, కొనకూడదు. సముద్ర గుర్రాలదీ అదే సంగతి. "సముద్రం నుంచి తెచ్చిన లైవ్ రాక్" (జీవులు పట్టిన పగడపు రాయి) అని ఎవరైనా చూపిస్తే వదిలేయండి. సిరామిక్‌తో చేసిన కృత్రిమ రాళ్ళు 12 నుంచి 15 కిలోలు చాలు. వాటిని ఇసుక మీద కాదు, అడుగు అద్దం మీదే ఆనించి పేర్చాలి. ఇసుక మీద పేరిస్తే, దాన్ని తవ్వే చేప ఉన్నప్పుడు గుట్ట కూలి అద్దం పగులుతుంది.

గంటకు 2,000 నుంచి 3,000 లీటర్లు కదిలించే వేవ్‌మేకర్ ఒకటి, వ్యర్థాన్ని నురగగా బయటికి తీసే, 200 లీటర్లకు సరిపోయే ప్రొటీన్ స్కిమ్మర్ ఒకటి. పగడాలు లేవు కాబట్టి మామూలు ఎల్‌ఈడీ లైటు రోజుకు 7 గంటలు. ప్రతి వైరు ప్లగ్గు కంటే కిందికి వేలాడి మళ్ళీ పైకి ఎక్కేలా పెట్టండి, వైరు వెంట జారే నీళ్ళు కిందనే కారిపోతాయి. కరెంటు లీకైతే లైను ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ లేని లైనుకు ఈ ట్యాంకు తగిలించొద్దు. కరెంటు పోతే వేవ్‌మేకర్ ఇన్వర్టరు మీద నడవాలి. ఇన్వర్టరు లేకపోతే బ్యాటరీ ఎయిర్ పంపు. ఎయిర్ పంపున్న గదిలో దోమల లిక్విడ్, కాయిల్ వాడకండి. వాటిలోని పైరెత్రాయిడ్లు చేపలకూ రొయ్యలకూ విషం, పంపు ఆ గాలినే పీల్చి నీళ్ళలోకి నెడుతుంది.

ట్యాంకు నిండాక చేపలు లేకుండా సైకిల్ నడపాలి. చేపల వ్యర్థం నుంచి వచ్చే అమ్మోనియాను ఒక రకం బ్యాక్టీరియా నైట్రైటుగా, మరో రకం దాన్ని నైట్రేటుగా మారుస్తాయి. ఆ రెండూ రాళ్ళ మీద, ఇసుకలో స్థిరపడాలి. చేపలు లేవు కాబట్టి ఆ అమ్మోనియా మనమే వేయాలి. 2 పీపీఎమ్ (లీటరుకు 2 మిల్లీగ్రాములు) అమ్మోనియా రావడానికి 150 లీటర్లకు దాదాపు 1 గ్రాము అమ్మోనియం క్లోరైడు చాలు. ఇది మన నవాసాగరమే. కానీ గిన్నెలకు కళాయి వేసేవాళ్ళు వాడే ముడి సరుకు వేయొద్దు, అందులో లోహాలు కలిసి ఉండొచ్చు. ల్యాబ్ కెమికల్స్ షాపులో శుద్ధమైనది అడగండి. సీసాలో దొరికే బ్యాక్టీరియా కలిపితే త్వరగా అవుతుంది, లేకున్నా 4 నుంచి 6 వారాల్లో అవుతుంది. ముందు అమ్మోనియా తగ్గుతుంది, నైట్రైటు పెరుగుతుంది, అది చాలా రోజులు అక్కడే నిలబడి ఒక్కసారిగా పడిపోతుంది. నైట్రైటు ఉన్నంతవరకు నైట్రేటు టెస్టు ఎక్కువ చూపిస్తుంది, ఆ అంకె నమ్మకండి. మళ్ళీ 2 పీపీఎమ్ వేస్తే 24 గంటల్లో అమ్మోనియా, నైట్రైటు రెండూ సున్నాకు వస్తే ట్యాంకు సిద్ధమైనట్టు. అప్పుడు సగం నీళ్ళు మార్చండి.

ఈ మధ్యలో ఇసుక మీద గోధుమరంగు దుమ్ములాంటి పొర వస్తుంది. అది డయాటమ్ అనే నాచు, కొన్ని వారాల్లో తనే పోతుంది. దాన్ని చూసి ట్యాంకు కడిగేస్తే సైకిల్ మళ్ళీ మొదటికి.

మొదటి చేపలుగా హేచరీలో పుట్టిన క్లౌన్ చేపల జత తీసుకోండి. కొచ్చిలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వీటిని మన దేశంలోనే పెంచే పద్ధతి రూపొందించింది. హేచరీ చేప పొడి మేతకు అలవాటుపడి ఉంటుంది. వాటికి అనిమోన్ (సముద్రంలో అవి ఆశ్రయం పొందే జీవి) అవసరం లేదు. చవకగా దొరికే నీలం డామ్‌సెల్ చేపను ముందు వేయకండి, అది ట్యాంకంతా తనదే అన్నట్టు తర్వాత వచ్చినవాటిని తరుముతుంది. టాంగ్ జాతుల చేపలకు 3 అడుగుల ట్యాంకు చాలదు.

హైదరాబాద్ నుంచి తెచ్చేటప్పుడు షాపు ట్యాంకు ఉప్పుదనం ముందే ఫోన్లో అడగండి. చాలా షాపులు 1.020 దగ్గర ఉంచుతాయి. ఇంట్లో 40 లీటర్ల క్వారంటైన్ ట్యాంకును అదే అంకెకు తెచ్చి పెట్టండి. దాని స్పాంజి ఫిల్టరును పెద్ద ట్యాంకులో ముందే నెల రోజులు ఉంచితే బ్యాక్టీరియా పట్టి ఉంటుంది. కవరు 15 నిమిషాలు తేలనిచ్చి, విప్పి, చేపను వెంటనే మార్చాలి. కవరు నీళ్ళు ట్యాంకులో పోయొద్దు. కవరు విప్పగానే నీటి పీహెచ్ పెరిగి, మూడు, నాలుగు గంటల ప్రయాణంలో పేరుకున్న అమ్మోనియా విషమవుతుంది. అందుకే గంటసేపు చుక్క చుక్కగా కలిపే పద్ధతి ఇక్కడ నష్టమే. ఆ తర్వాత రోజుకు 0.001 చొప్పున 1.025కు పెంచండి.

నాలుగు వారాలు అక్కడే ఉంచి తెల్లమచ్చ జబ్బు వస్తుందేమో చూడాలి. మంచినీళ్ళ చేపల తెల్లమచ్చకు ఉప్పు మందు. ఉప్పునీళ్ళ తెల్లమచ్చను తెచ్చేది వేరే పరాన్నజీవి, ఉప్పులోనే పుట్టి పెరిగింది. దీనికి రాగి మందు వాడతారు, అదీ క్వారంటైన్ ట్యాంకులోనే, రాగి టెస్టుతో రోజూ కొలుస్తూ. పెద్ద ట్యాంకులో వేస్తే రాళ్ళు, ఇసుక దాన్ని పీల్చుకుంటాయి, ఆ తర్వాత నత్తలు, రొయ్యలు అందులో బతకవు.

చేపలు పెద్ద ట్యాంకులోకి వచ్చాక వారానికి 15 లీటర్లు మార్చండి, దానికి 550 గ్రాముల ఉప్పు. మేత రోజుకు రెండుసార్లు, నిమిషంలో తినేసేంత. నైట్రేటు 20 పీపీఎమ్ లోపల నెల రోజులు నిలకడగా ఉంటే ఫైర్‌ఫిష్ అనే చేప ఒకటి తేవచ్చు. అది ఎగిరి బయట పడుతుంది, ముందుగా ట్యాంకు మీద సన్నటి జాలీ మూత బిగించండి. దానికి కూడా నాలుగు వారాల క్వారంటైన్ తప్పదు.