పెద్ద పేరాలున్న తెలుగు లేఖలే స్పామ్‌లోకి ఎందుకు వెళ్తున్నాయి: మా మెయిల్ సర్వర్ పని వివరాలు

జూన్ మొదటి వారం

మా మిద్దెతోట బృందానికి నెలనెలా వెళ్లే లేఖను నేను సొంతంగా నడుపుతున్న చిన్న మెయిల్ సర్వర్ నుంచి పంపుతున్నాను. అద్దెకు తీసుకున్న వర్చువల్ సర్వర్‌లో డెబియన్ లినక్స్, దాని మీద మెయిల్ పంపే పోస్ట్‌ఫిక్స్, పంపే ప్రతి లేఖకూ డిజిటల్ సంతకం చేసే ఓపెన్‌డీకిమ్ ఉన్నాయి. మృగశిర కార్తెకు ముందు పంపిన విత్తనాల లేఖ కొందరు సభ్యులకు ఇన్‌బాక్స్‌లో కనిపించలేదు. విచారిస్తే రెండు సంగతులు తేలాయి. అందడం లేదనేవారు ప్రతిసారీ దాదాపు అదే మనుషులు. అయితే వారికి కూడా అన్ని లేఖలూ తప్పిపోవడం లేదు. సమావేశం ఎప్పుడో చెప్పే చిన్న సమాచారాలు సవ్యంగా అందుతున్నాయి, వివరంగా రాసిన పెద్ద లేఖలు మాత్రమే స్పామ్‌లో తేలుతున్నాయి.

ముందుగా సర్వర్ తన పనిని నమోదు చేసే లాగ్ చూశాను. పోస్ట్‌ఫిక్స్ లాగ్‌లో ప్రతి చిరునామాకూ ఎదురుగా ‘సెంట్’ అనీ, అవతలి సర్వర్ ఇచ్చిన 250 కోడ్ అనీ ఉన్నాయి. ఈ ‘సెంట్’ అనే మాటకు అర్థం అవతలి సర్వర్ లేఖను స్వీకరించిందని మాత్రమే. ఆ తరువాత దాన్ని ఏ ఫోల్డర్‌లో వేసిందో మన లాగ్‌కు తెలియదు. 4తో మొదలయ్యే కోడ్ వస్తే అది తాత్కాలిక నిరాకరణ, పోస్ట్‌ఫిక్స్ దాన్ని వరుసలో ఉంచుకొని, మనం మార్చకపోతే 5 రోజుల వరకు మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. 5తో మొదలైతే అది శాశ్వత నిరాకరణ, వెంటనే తిరుగుటపా వస్తుంది. మాకు ఈ రెండూ రాలేదు కాబట్టి వెతకవలసిన చోటు మా సర్వర్ లాగ్ కాదనీ, అందుకున్నవారి దగ్గర ఉన్న లేఖ హెడర్లనీ (లేఖ ఏ దారిన వచ్చిందో, ఏ పరీక్షలు నెగ్గిందో చెప్పే పై వరుసలు) స్పష్టమైంది.

పునాది విషయాలను కూడా ఒకసారి సరిచూశాను. ఐపీ చిరునామా నుంచి పేరుకు వెళ్లే పీటీఆర్ రికార్డు, ఆ పేరు నుంచి మళ్లీ అదే ఐపీకి వచ్చే రికార్డు సరిపోలాయి. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్ తనకు మెయిల్ పంపే ప్రతి ఒక్కరి నుంచీ ఈ పీటీఆర్‌నూ, ఎస్‌పీఎఫ్ (మన డొమైన్ పేరుతో ఏ ఐపీలు మెయిల్ పంపవచ్చో చెప్పే రికార్డు) లేదా డీకిమ్ (లేఖ మీద డిజిటల్ సంతకం)నూ, దారిలో మెయిల్‌ను గోప్యంగా ఉంచే టీఎల్‌ఎస్‌నూ కోరుతోంది. రోజుకు 5,000కు మించి పంపేవారికి డీమార్క్ (ఆ రెండు పరీక్షలూ తప్పిన మెయిల్‌ను ఏం చేయాలో చెప్పే రికార్డు), ఒక్క నొక్కుతో విరమించుకునే సదుపాయం కూడా తప్పనిసరి. మాది చాలా చిన్న బృందమే అయినా అవన్నీ పెట్టుకున్నాము. స్పామ్ పంపే ఐపీలను నమోదు చేసే స్పామ్‌హౌస్ జాబితాలో మా ఐపీ ఉందేమో డీఎన్ఎస్ (ఇంటర్నెట్ పేర్ల చిరునామా పుస్తకం) ద్వారా అడిగితే 127.255.255.254 అని జవాబు వచ్చింది. దాన్ని చూసి కంగారు పడనవసరం లేదు. అందరూ వాడే పబ్లిక్ డీఎన్ఎస్ ద్వారా అడిగితే వచ్చే జవాబది, జాబితాలో ఉన్నట్లు కాదు. సర్వర్‌లోనే అన్‌బౌండ్ అనే సొంత డీఎన్ఎస్ రిజాల్వర్‌ను పెట్టి అడిగితే, మా ఐపీ ఏ జాబితాలోనూ లేదని తేలింది.

జూన్ చివర

లేఖ అందని ఒక పెద్దాయనను అడిగి, స్పామ్‌లో పడిన లేఖ పూర్తి హెడర్లను తెప్పించుకున్నాను. అందులో ఎస్‌పీఎఫ్ ఫెయిల్, డీకిమ్ ఫెయిల్, డీమార్క్ ఫెయిల్ అని మూడూ ఉన్నాయి. డీకిమ్ పక్కన ‘బాడీ హ్యాష్ డిడ్ నాట్ వెరిఫై’ అని ఉంది, అంటే సంతకం చేసిన తరువాత లేఖలోని విషయం ఎక్కడో మారింది.

ఎస్‌పీఎఫ్ ఎందుకు తప్పిందో వెంటనే అర్థమైంది. ఆయన బృందంలో ఇచ్చినది పాత సంస్థ చిరునామా. అక్కడికి వచ్చిన ప్రతి మెయిలూ దానంతటదే ఆయన జీమెయిల్‌కు దారి మళ్లుతుంది. అప్పుడు జీమెయిల్‌కు కనిపించే ఐపీ ఆ సంస్థ సర్వర్‌ది, మా ఎస్‌పీఎఫ్ రికార్డులో దానికి చోటు లేదు. ఇలా దారి మళ్లే మెయిల్‌కు డీకిమ్ సంతకం ఒక్కటే ఆధారం. డీమార్క్ నెగ్గడానికి ఎస్‌పీఎఫ్, డీకిమ్‌లలో ఏ ఒక్కటైనా మన డొమైన్ పేరుతో నెగ్గితే చాలు కాబట్టి, నేరుగా అందుకునేవారి దగ్గర డీకిమ్ తప్పినా ఎస్‌పీఎఫ్ కాపాడుతోంది. దారి మళ్లించుకున్నవారి దగ్గర రెండూ పోతున్నాయి. ఎప్పుడూ అదే మనుషులకు అందకపోవడానికి కారణం ఇదే. డీమార్క్ రికార్డులో చిరునామా ఇస్తే పెద్ద మెయిల్ సేవలు రోజువారీగా పంపే నివేదికలను తెరిచి చూస్తే అవీ దీన్నే ధ్రువపరిచాయి: పెద్ద లేఖ వెళ్లిన రోజు డీకిమ్ అందరి దగ్గరా తప్పింది, చిన్న సమాచారం వెళ్లిన రోజు అందరి దగ్గరా నెగ్గింది.

మరి పెద్ద లేఖలో విషయాన్ని మారుస్తున్నది ఎవరు? నేరుగా అందుకున్న లేఖలలో ఒకదాన్ని అక్షరం అక్షరం చదివితే, టమాటా నారు గురించి రాసిన పేరా నడుమ ఒక పదం విరిగి, విరిగిన చోట అక్షరానికి బదులు ప్రశ్న గుర్తున్న నల్లని డైమండ్ గుర్తులు కనిపించాయి. నాకు దారి దొరికింది అక్కడే.

మెయిల్‌లో ఒక వరుస 998 బైట్లకు మించకూడదని, సర్వర్లు మెయిల్‌ను మార్చుకునే పద్ధతి అయిన ఎస్‌ఎంటీపీ నియమం. అంతకు మించిన వరుసను పోస్ట్‌ఫిక్స్ పంపే సమయంలో సరిగ్గా ఆ హద్దు దగ్గర విరిచి, కొత్త వరుసను ఒక ఖాళీతో మొదలుపెడుతుంది. ఓపెన్‌డీకిమ్ సంతకం అంతకు ముందే జరిగిపోతుంది కాబట్టి ఆ విరుపుతో సంతకం చెల్లకుండా పోతుంది. ఇంగ్లిష్‌లో ఒక అక్షరానికి ఒక బైటు కాబట్టి ఈ హద్దు సాధారణంగా ఎవరికీ తగలదు. తెలుగుకు యూటీఎఫ్-8లో (అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతి) ప్రతి సంకేతానికీ 3 బైట్లు పడతాయి. గుణింతపు గుర్తు, పొల్లు విడివిడి సంకేతాలే, వత్తుకైతే పొల్లు, హల్లు అని రెండు. ‘మిద్దెతోట’ అనే మాట కంటికి నాలుగు అక్షరాలే అయినా అందులో 9 సంకేతాలు, 27 బైట్లు ఉన్నాయి. ఎంటర్ కొట్టకుండా రాసిన ఓ మోస్తరు తెలుగు పేరా సుమారు 330 సంకేతాల దగ్గరే హద్దును తాకుతుంది, పైగా 998ని 3 నిశ్శేషంగా భాగించదు కాబట్టి విరుపు తరచుగా అక్షరం నడుమనే పడుతుంది.

జూలై

సరిచూడడానికి ఒకే లేఖను రెండు రకాలుగా పంపాను: ఒకటి పేరా మొత్తం ఒకే వరుసగా, మరొకటి అక్కడక్కడ వరుసలు విరిచి. మొదటిదానికి డీకిమ్ తప్పింది, రెండవది నెగ్గింది. పొడవైన వరుసలను వెతకడానికి, ఫైలును వరుస వరుసగా చదివే ఆక్ ఆదేశాన్ని వాడేవారు ఒక జాగ్రత్త తీసుకోవాలి. లొకేల్ (భాషా అమరిక) యూటీఎఫ్-8లో ఉంటే గాక్ వంటి కొన్ని ఆక్ రూపాలు బైట్లను కాక సంకేతాలను లెక్కిస్తాయి, అప్పుడు హద్దు దాటిన వరుస కూడా చిన్నదిగానే కనిపిస్తుంది. లొకేల్‌ను ‘సీ’గా మార్చి లెక్కించాలి.

పరిష్కారం వరుసలను చేత్తో విరవడం కాదు. ఫోన్‌లో చదివేవారికి ఆ విరుపులు అసహ్యంగా కనిపిస్తాయి. లేఖను పంపే స్క్రిప్టు ఇంతవరకు విషయాన్ని 8-బిట్‌గా యథాతథంగా సెండ్‌మెయిల్ ఆదేశానికి అందిస్తోంది. దాన్ని పైథాన్ ఈమెయిల్ లైబ్రరీతో తిరగరాసి, సంతకానికి ముందే విషయమంతా బేస్64గా (ఏ బైట్లనైనా మామూలు ఇంగ్లిష్ అక్షరాలుగా రాసే పద్ధతి) మారేలా చేశాను. అప్పుడు ప్రతి వరుసా 76 అక్షరాల లోపే ఉంటుంది, దారిలో ఎవరూ దాన్ని విరవవలసిన అవసరం రాదు. కోటెడ్-ప్రింటబుల్ అనే మరో పద్ధతి కూడా పనిచేస్తుంది గానీ, అందులో ఒక్కో తెలుగు సంకేతానికి 9 అక్షరాలు పడతాయి, బేస్64లో 4 మాత్రమే. తెలుగుకు బేస్64 మేలని నా అభిప్రాయం.

బృంద చిరునామాకు వచ్చే జవాబులను అందరికీ పంచే ఏర్పాటులో కూడా ఇదే సూత్రాన్ని పాటించాను. 2014 ఏప్రిల్‌లో యాహూ తన డొమైన్‌కు డీమార్క్ రిజెక్ట్ విధానం (పరీక్ష తప్పిన మెయిల్‌ను తిరస్కరించమనడం) పెట్టినప్పటి నుంచి, ఇతరుల మెయిల్‌ను మార్చి పంచడం కష్టమైంది. విషయ శీర్షికకు బృందం పేరు తగిలించినా, చివర ఒక వాక్యం చేర్చినా పంపినవారి సంతకం చెల్లదు. పంపినవారి చిరునామా స్థానంలో బృంద చిరునామాను పెట్టడం ఒక మార్గమే గానీ, ఎవరు రాశారో చదివేవారికి తేలికగా తెలియాలని నా పట్టుదల. అందుకే ఆ రెండు చేర్పులనూ తీసివేసి, విరమించుకునే లింకును హెడర్‌లోకి మార్చాను.

ఆషాఢంలో వెళ్లిన ఆకుకూరల లేఖలో అన్నీ పొడవైన పేరాలే. దారి మళ్లించుకున్న సభ్యులందరికీ అది ఇన్‌బాక్స్‌లోనే అందింది, మరునాటి నివేదికలలో ఎస్‌పీఎఫ్ తప్పిన చోట్ల కూడా డీకిమ్ నెగ్గినట్లు ఉంది. సంతకం తాళంచెవిని 1024 బిట్ల నుంచి 2048కి మార్చే పని ఇంకా మిగిలి ఉంది. ఆ పొడవైన తాళంచెవి డీఎన్ఎస్‌లో ఒకే టెక్స్ట్ ముక్కకున్న 255 బైట్ల హద్దును దాటుతుంది కాబట్టి దాన్ని ముక్కలు చేసి, ఒక్కో ముక్కను విడిగా ఉల్లేఖన చిహ్నాల మధ్య రాయాలి. పాత తాళంచెవిని కొన్నాళ్లు అలాగే ఉంచి, కొత్తదానికి వేరే సెలెక్టర్ పేరు (డీఎన్ఎస్‌లో తాళంచెవిని గుర్తించే పేరు) ఇవ్వాలని అనుకుంటున్నాను.