సిమ్‌లో ఆగిపోయిన నాబ్

పోయిన నెల మా ఇంట్లో జరిగింది ఇది. ఆ రోజు నుంచి కనపడిన ప్రతి ఒక్కరికీ స్టవ్ ఎలా ఆపుతున్నారు అని అడుగుతూనే ఉన్నా, ఇక్కడ కూడా రాసి పెడితే ఇంకో నలుగురు వెళ్ళి వాళ్ళ వంటింట్లో ఒకసారి చూసుకుంటారు కదా అని రాస్తున్నా.

అమ్మ భీమవరం నుంచి హైదరాబాద్ మా ఇంటికి వచ్చి అప్పటికి పది రోజులైంది. ఆ రోజు నేను ఆఫీసు నుంచి తొందరగా వచ్చేశా, నా దగ్గర ఒక తాళం చెవి ఉంటుంది కాబట్టి బెల్ కొట్టకుండా తలుపు తీశాను. గుమ్మం దాటానో లేదో గ్యాస్ వాసన గుప్పుమంది. అమ్మేమో హాల్లో కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీసుకుంటోంది. "అమ్మా గ్యాస్ వాసన వస్తోంది" అంటే "ఎక్కడే, స్టవ్ కట్టేసి అరగంట అయింది" అంది. కరోనా వచ్చి తగ్గిన దగ్గర్నుంచీ అమ్మకి వాసనలు తెలియట్లేదు, పోపు మాడినా తెలియదు, ఇంట్లో అందరికీ తెలిసిన విషయమే, కానీ గ్యాస్ వాసన కూడా తెలియదు కదా అని మాలో ఒక్కరికి కూడా తట్టలేదు.

వంటింట్లో కాస్త చీకటిగా ఉంది, నా చెయ్యి అలవాటుగా లైట్ స్విచ్ మీదకి వెళ్ళిపోయింది. వేలు స్విచ్‌కి తగిలాక గుర్తొచ్చింది. స్విచ్ వేసినా ఆపినా లోపల చిన్న నిప్పురవ్వ పుడుతుంది, గ్యాస్ నిండిన గదిలో అది చాలు. చెయ్యి వెనక్కి తీసుకుని, కిందకి వంగి ముందు బండ దగ్గర రెగ్యులేటర్ ఆపేశాను, తర్వాత నాబ్ కట్టేశాను, తర్వాత బాల్కనీ తలుపులు రెండూ బార్లా తీసేశాను. హాల్లో ఫ్యాన్ తిరుగుతుంటే దాన్ని అలాగే తిరగనిచ్చాను, ఆపలేదు. అమ్మని చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చి మెట్ల దగ్గర కూర్చోబెట్టా. ఎదురింటి ఆంటీ వచ్చి ఏమైందమ్మా అంటే నేను మొదట చెప్పింది ఒకటే, ఎవరైనా వస్తే మా బెల్ నొక్కనివ్వకండి, అది కూడా స్విచ్చే కదా. ఫోన్ కూడా బయటికి వచ్చాకే తీశాను. ఎల్పీజీ లీకులకి 1906 అని 24 గంటలూ పనిచేసే నంబర్ ఉంది, మా బండ దగ్గర ఆగిపోయింది కాబట్టి ఆ అవసరం రాలేదు, రెగ్యులేటర్ ఆపాక కూడా వాసన తగ్గకపోతే మాత్రం బయటి నుంచి ఆ నంబర్‌కి చెయ్యాల్సిందే.

అసలు ఏమైందో తర్వాత తెలిసింది. అమ్మ పప్పు హైలో పెట్టింది, ఉడికాక నాబ్ తిప్పింది, అది చివరిదాకా వెళ్ళి ఆగింది, ఆగింది కదా కట్టేశాననుకుంది. మా స్టవ్‌కి, మీ ఇళ్ళల్లో చాలా స్టవ్‌లకి కూడా, నాబ్ నొక్కి ఎడమకి తిప్పితే ముందు హై వస్తుంది, ఇంకా తిప్పితే సిమ్, అక్కడ ఆగిపోతుంది. అంటే హై నుంచి ఒకవైపు తిప్పితే ఆఫ్, ఇంకోవైపు తిప్పితే సిమ్, రెండు చోట్లా చేతికి ఒకేలా ఆగినట్టు ఉంటుంది. పట్టపగలు, కిటికీ లోంచి వెలుతురు, గిన్నె కింద నీలం మంట గింజంత, ఎవరికి కనపడుతుంది? తర్వాత కిటికీ గాలికి ఆ మంట ఆరిపోయింది, గ్యాస్ మాత్రం వస్తూనే ఉంది. కిటికీ తెరిచే ఉంది కదా అంటారేమో, ఎల్పీజీ గాలి కంటే ఒకటిన్నర నుంచి రెండు రెట్లు బరువు, కిటికీ దాకా లేవదు, నీళ్ళలాగా నేల మీద పరుచుకుంటుంది. అందుకే బాల్కనీ తలుపు తియ్యాల్సి వచ్చింది.

ఆ రాత్రి అమ్మ మీద నాకు కోపం రాలేదు, అమ్మ చిన్నప్పటి నుంచి చూసిన పొయ్యిల గురించే ఆలోచించా. కట్టెల పొయ్యి అయితే కట్టెలు వెనక్కి లాగి నీళ్ళు చల్లితే చుయ్ మని ఆరిపోయేది. వత్తుల స్టవ్‌కి వత్తులు దించడం, పంపు స్టవ్‌కి గాలి మర వదులు చేస్తే సుస్సుమని గాలిపోయి మంట పడిపోవడం. అన్నిటికీ మంట ఆరితే పొయ్యి ఆరినట్టే. గ్యాస్ పొయ్యి ఒక్కటే దీనికి పూర్తిగా తిరగబడిన వస్తువు, మంట ఉన్నంతసేపూ గ్యాస్ కాలిపోతుంది, మంట ఆరి నాబ్ తెరిచి ఉంటేనే అసలు భయం. ఈ ఒక్క ముక్క అమ్మకి ఇన్నేళ్ళలో ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు, నేను కూడా చెప్పలేదు.

ఇప్పుడు మా ఇంట్లో పద్ధతి ఇది. పగలు సిమ్ నుంచి స్టవ్ కట్టేసేటప్పుడు మంట ఒక్కసారి పెద్దదై అప్పుడు ఆరాలి, ఎందుకంటే సిమ్ నుంచి ఆఫ్‌కి పోవాలంటే మధ్యలో హై దాటాలి. మంట చిన్నదవుతూ నాబ్ ఆగిపోయిందంటే అది సిమ్. అమ్మకి ఇది బాగా పట్టింది, "పెద్దదై ఆరిందే" అని పైకి అంటుంది.

రాత్రి వంట అయిపోయాక మంట వెలుగుతుండగానే ముందు బండ దగ్గర రెగ్యులేటర్ ఆపేస్తాం, పైపులో మిగిలిన గ్యాస్ కొన్ని క్షణాలు కాలి మంట దానంతట అదే ఆరిపోతుంది, అప్పుడు నాబ్ కట్టేస్తాం. పైపులో గ్యాస్ మిగలదు కాబట్టి రాత్రంతా ఎలుక కొరికినా భయం ఉండదు. కానీ ఇందులో ఒక చోట జాగ్రత్త, మంట ఆరింది కదా అని నాబ్ కట్టేయడం మర్చిపోతే పొద్దున్నే రెగ్యులేటర్ తిప్పగానే తెరిచి ఉన్న బర్నర్ లోంచి గ్యాస్ వచ్చేస్తుంది. అందుకే పొద్దున రెగ్యులేటర్ మీద చెయ్యి వేసే ముందు నాబ్‌లన్నీ చూసుకోవాలి, వాడని బర్నర్‌వి కూడా. ఊరెళ్తే రెగ్యులేటర్ ఆపి, బండ మీద నుంచి తీసేసి, దారానికి వేలాడే మూత బిగించి వెళ్తున్నాం, ఆ దారం తెంపేసేవాళ్ళు చాలామంది, దయచేసి తెంపకండి.

పాలు పొంగి మంట ఆరిపోతే వెంటనే లైటర్ తియ్యొద్దు. నాబ్ కట్టెయ్యండి, తలుపు తియ్యండి, గట్టు తుడుచుకోండి, వాసన పూర్తిగా పోయాకే మళ్ళీ వెలిగించుకోండి.

అమ్మ కోసం గ్యాస్ డిటెక్టర్ ఒకటి కొన్నాం, వాసన తెలియకపోయినా మోత వినపడుతుంది. దాన్ని నేల నుంచి జానెడు ఎత్తులో పెట్టించాను, బిగించడానికి వచ్చిన అబ్బాయి పైన పెడతానన్నాడు, ఎల్పీజీకి కిందే పెట్టాలని చెప్పాల్సి వచ్చింది. పైప్‌లైన్ గ్యాస్ ఉన్నవాళ్ళకి మాత్రం పైనే, అది గాలి కంటే తేలిక, కప్పు దగ్గరికి లేస్తుంది, వాళ్ళు ఆపాల్సింది గోడ మీద ఉండే వాల్వ్ దగ్గర.

వచ్చే వారం అమ్మని దింపడానికి భీమవరం వెళ్తున్నా. అక్కడికి కూడా ఒక డిటెక్టర్ తీసుకెళ్తున్నాను. బండ నుంచి స్టవ్‌కి వెళ్ళే ఆ నారింజ రంగు పైపు ఐదేళ్ళకి మార్చాలి, దాని మీద సంవత్సరం అచ్చు వేసి ఉంటుంది. అమ్మ భీమవరంలో ఉన్నప్పుడే అక్కడి పైపు ఫోటో పంపమంటే, కళ్ళజోడు పెట్టుకుని చూసినా కనపడట్లేదే, మసి పట్టేసింది అని చెప్పింది. అంటే నాన్న ఉన్నప్పుడు వేసిన పైపు అయి ఉంటుంది. కొత్తది బ్యాగులో పెట్టేశాను.