అంపైరింగ్ సాధన: బ్యాటర్ అడ్డుపడినప్పుడు

మొదటి ఆదివారం

విజయనగరంలో మా వీధి పిల్లలు బేస్‌బాల్ ఆడే మైదానంలో అంపైరింగ్ నేర్చుకోవడం మొదలుపెట్టాను. ముందు బ్యాటర్ బాక్సు, అంటే బ్యాటర్ నిలబడే చోటు, గీతలు సరిగా పడాలి. గంటస్తంభం దగ్గర సున్నం కొని, వడ్రంగి చేత చెక్క చట్రం చేయించాను. గీత కూడా బాక్సులో భాగమే కాబట్టి, చట్రం లోపలి కొలత 4 అడుగుల వెడల్పు, 6 అడుగుల పొడవు ఉండాలి. సున్నం లోపలి అంచు వెంట పోయాలి. హోమ్ ప్లేట్‌కూ (బ్యాటర్ పక్కన నేల మీద ఉండే పలక) బాక్సుకూ మధ్య 6 అంగుళాల ఖాళీ వదలాలి. మా పిల్లల్లో సగం మంది సాఫ్ట్‌బాల్ (బేస్‌బాల్ లాంటిదే, పెద్ద బంతితో ఆడేది) నుంచి వచ్చినవాళ్లు. అక్కడి బాక్సు 3 అడుగుల వెడల్పు, 7 అడుగుల పొడవు. ఆ అలవాటుతో కొందరి ముందు కాలు గీత దాటుతోంది.

మూడో ఆదివారం

ఈ రోజు తప్పు తీర్పు ఇచ్చాను. మొదటి బేస్ మీది రన్నర్ రెండో బేస్ స్టీల్ చేయడానికి, అంటే బ్యాటర్ బంతిని కొట్టకుండానే అక్కడికి చేరడానికి, పరుగెత్తాడు. బ్యాటర్ గట్టిగా ఊపాడు, బంతి తగలలేదు, ఒంటి బరువు ఆగక ప్లేట్ మీదికి తూలాడు. ప్లేట్ వెనక బంతి పట్టే క్యాచర్ చేయి ఎత్తి, అతన్ని తప్పించుకుని రెండో బేస్‌కు విసిరేసరికి బంతి పక్కకు పోయింది. "నేను కావాలని అడ్డు రాలేదు సార్" అన్నాడు బ్యాటర్. నిజమే కదా అని వదిలేశాను.

ఇంటికొచ్చి నియమం చదివితే నా పొరపాటు ఎక్కడుందో తెలిసింది. క్రికెట్‌లో ఫీల్డింగ్‌కు అడ్డుపడినందుకు అవుట్ ఇవ్వాలంటే కావాలని చేశాడా అని చూడాలి. నా కళ్లు ఆ ప్రశ్నకే అలవాటుపడ్డాయి. ఇక్కడ అది అడగక్కర్లేదు. బ్యాటర్ బాక్సు దాటాడా, లేదా మరేదైనా కదలికతో క్యాచర్ విసురుకు అడ్డం వచ్చాడా అన్నదే లెక్క. ఆ పిల్లవాడు అవుట్, రన్నర్ మొదటి బేస్‌కు వెనక్కి. క్యాచర్‌కు అన్యాయం చేశాను, వచ్చే వారం అతనికి చెప్పాలి.

సిరిమానోత్సవం వారం ఆట లేదు. ఇంట్లోనే పిలుపు సాధన చేశాను. అడ్డు కనబడగానే వేలు చూపి "ఇంటర్‌ఫియరెన్స్" అని గట్టిగా అనాలి, కానీ క్యాచర్ విసురు ఏమైందో చూసేదాకా ఆట ఆపకూడదు. ఆ విసురుకే రన్నర్ అవుటైతే అడ్డు లేనట్టే లెక్క. రన్నర్ అవుట్, బ్యాటర్ ఆట కొనసాగుతుంది. అవుట్ కాకపోతే "టైమ్" అని ఆపి, బ్యాటర్‌ను అవుట్ ఇచ్చి, రన్నర్లను వెనక్కి పంపాలి. అదే మూడో స్ట్రయిక్ (ఊపి బంతిని తప్పడం లాంటిది) అయితే బ్యాటర్ ఎలాగూ అవుటే కనుక, అతను అడ్డుపడినందుకు రన్నర్ కూడా అవుట్.

నాకు అన్నిటికంటే కష్టమైనది మూడో బేస్ నుంచి హోమ్‌కు వచ్చే రన్నర్ సంగతి. ఇద్దరికంటే తక్కువ మంది అవుటై ఉంటే, బ్యాటర్ అడ్డుపడితే రన్నర్‌ను అవుట్ ఇవ్వాలి. అప్పటికే ఇద్దరు అవుటై ఉంటే బ్యాటర్ అవుట్, పరుగు చెల్లదు. దీన్ని అట్ట ముక్క మీద రాసి జేబులో పెట్టుకున్నాను.

ఊపిన బ్యాట్ గుండ్రంగా తిరిగి వెనకనున్న క్యాచర్‌కు తగలడం వేరే లెక్క. అనుకోకుండా జరిగితే అది స్ట్రయిక్ మాత్రమే, ఆట ఆగుతుంది, ఎవరూ ముందుకు వెళ్లకూడదు.

నిన్న

క్యాచర్ "అడ్డు, అడ్డు" అని అరిచాడు. నేను బ్యాటర్ కాళ్ల వైపు చూశాను. వెనక గీత మీద సున్నం చెదరలేదు, బూటు అంచు గీతకు రెండు వేళ్ల దూరంలో ఉంది. అతను బంతిని వదిలేసి నిలబడ్డచోటే నిలబడ్డాడు. బాక్సులో కదలకుండా ఉన్నవాడు గాలిలో మాయం కానక్కర్లేదు. అడ్డు లేదని చెప్పాను. క్యాచర్ ముఖం చిన్నబోయింది, అయినా తీర్పు మీద నాకు సందేహం లేదు. ముందు బంతి క్యాచర్ చేతిలో పడేదాకా చూసి, తర్వాత చూపును బ్యాటర్ కాళ్లకు వెడల్పు చేసే అలవాటు ఇప్పుడిప్పుడే వస్తోంది.

వచ్చే ఆదివారం మూడో బేస్ స్టీల్ చేయించి చూస్తాను. కుడిచేతి బ్యాటర్ సరిగ్గా ఆ విసురు దారిలోనే నిలబడతాడు, క్యాచర్ అతని ముందు నుంచో వెనక నుంచో అడుగు వేయాలి. పదిసార్లయినా విసిరించాలి.