బ్యాడ్‌లాండ్స్‌లో వడగళ్లు, గోడలో చెమ్మ

మినియాపోలిస్‌లో ట్రావెల్ ట్రైలర్ ఉన్నవాళ్లకు అది ఏడాదిలో సగం రోజులు ఇంటి పక్కన మంచు మోస్తూ నిలబడే వస్తువు. మాది వేరొకరు వాడి అమ్మిన పాత బండి. చెక్క చట్రం, బయట అల్యూమినియం రేకు, లోపల పలచటి ప్లైవుడ్, ఆ రెండింటి నడుమ గాజునార ఇన్సులేషన్, పైన రబ్బరు కప్పు. దానికి ఇంజిన్ ఉండదు. మా పికప్ ట్రక్కు లాక్కుని వెళ్లాలి. పడకలు, గ్యాసు పొయ్యి, చిన్న స్నానాల గది, పక్కకు జరిగే సోఫా భాగం అన్నీ ఉన్నాయి కాబట్టి, అమలాపురం నుంచి మా మామగారు వచ్చినప్పుడు హోటళ్ల బాధ లేకుండా సౌత్ డకోటా చూపించవచ్చని జూన్‌లో బయలుదేరదీశాం.

జూన్ అక్కడ వడగళ్ల కాలం. ఆ సంగతి తెలిసే, ప్రయాణానికి ముందు ఒక ఆదివారమంతా కప్పు మీదే గడిపాను. కప్పు మీది రబ్బరు దానంతట అది తొందరగా పాడవదు. గాలి గొట్టాలకూ, స్నానాల గది పైనుండే ప్లాస్టిక్ మూతకూ, ఏసీకీ కోసిన కంతల చుట్టూ ఉండే సీలెంటే ఎండకు పగుళ్లు తీస్తుంది. మాకు బండి అమ్మినాయన ఆ పగుళ్ల మీద మామూలు సిలికాన్ పూసి చేతులు దులుపుకొన్నాడు. సిలికాన్ మీద మరే సీలెంటూ పట్టదు. ప్లాస్టిక్ గరిటెతో దాన్నంతా గీకి, సబ్బునీళ్లతో కడిగి, ఆరాక డైకార్ అనే ట్రైలర్ కప్పుల సీలెంట్ పోశాను. ఇది పలుచగా పారి తనంతట తానే సమంగా సర్దుకుంటుంది. పెట్రోలియం కలిసిన క్లీనర్లు రబ్బరును ఉబ్బిస్తాయి కాబట్టి వాటిని దగ్గరికి రానివ్వకూడదు. ముందువైపు అతుకు మీద మాత్రం ఎటర్నాబాండ్ టేపు వేశాను. అది ఒకసారి అంటుకుంటే ఊడదీయడం మన వల్ల కాదు, అందుకే వేసేముందు రెండుసార్లు కొలుచుకోవాలి. పని పూర్తయ్యాక ప్రతి అతుకునూ ఫోనులో ఫొటో తీసి పెట్టుకున్నాను.

మామయ్యగారు నిచ్చెన మొదట్లో కుర్చీ వేసుకుని చూస్తున్నారు. తొలకరికి ముందే పెంకు సర్దించుకునే అలవాటున్న మనిషి, ఇదంతా ఆయనకు వింతేమీ కాదు. "కప్పు సరే అల్లుడుగారూ, ఎదురు జల్లు మాటేమిటి?" అని అడిగారు.

అసలు ప్రశ్న అదే. వాన ఇంటి మీద పైనుంచి పడుతుంది, గాలి ఉంటే పక్కనుంచి. ట్రైలర్ గంటకు 60 మైళ్ల వేగంతో తానే వానలోకి దూరుతుంది. పైగా రోజంతా రోడ్డు మీద అదిరి అదిరి ప్రతి అతుకూ వెంట్రుకవాసి కదులుతుంది. ముందు గోడ మీద వరుసగా ఉండే చిన్న పసుపు లైట్లు చూడండి. వాటి వెనక తీగ కోసం ఒక కంత, కంతకు అడ్డంగా ఒక పలచటి రబ్బరు పొర, అంతే. కప్పు మీద గంటలు గడిపేవాళ్లు కూడా ఈ లైట్ల జోలికి పోరు. నేను వాటి పైఅంచుకూ పక్క అంచులకూ సీలెంట్ పట్టించి, కింది అంచు వదిలేశాను. ఒకవేళ నీరు దూరినా బయటికి పోయే దారి ఉండాలి.

ఆల్బర్ట్ లీ దగ్గర ఐ-90 హైవే ఎక్కితే ఇక పడమరకు తిన్నగా పోవడమే. సూ ఫాల్స్‌లో ఎర్రరాతి మీద దూకే జలపాతం చూశాం. 2022 జులై 5న డెరెచో అనే గాలివాన విరుచుకుపడినప్పుడు ఆ ఊరి ఆకాశం పచ్చగా మారిపోయిన ఫొటోలు అప్పట్లో ప్రపంచమంతా తిరిగాయి. ఇంకొంచెం ముందుకు పోతే స్పెన్సర్ ఊరికి దారి చీలుతుంది. 1998 మే 30న టోర్నడో ఆ చిన్న ఊరిని దాదాపు తుడిచిపెట్టింది, ఆరుగురు పోయారు. మిచెల్‌లో మొక్కజొన్న కంకులతో గోడలకు బొమ్మలు కట్టే కార్న్ ప్యాలెస్ దగ్గర మా పాప ఆగనంటే ఆగనంది, సరేనని సాగిపోయాం. ఛేంబర్లిన్ దగ్గర మిస్సోరీ నది దాటేటప్పుడు మాత్రం అందరం దిగాం. గోదావరి పాయల మధ్య పెరిగినాయన కాసేపు నది వైపు చూసి, "వెడల్పు బాగానే ఉంది" అని ఒప్పుకున్నారు.

బండిలో వాతావరణ హెచ్చరికలు చదివే చిన్న వెదర్ రేడియో ఒకటి ఉంది. ఫోను ఉండగా ఇది దేనికని చాలామంది అడుగుతారు. అమెరికా వాతావరణ శాఖ గాలివాన హెచ్చరికలన్నిటికీ ఫోన్లు మోగించదు. 2021లో వచ్చిన పద్ధతి ప్రకారం గంటకు 80 మైళ్ల గాలి గానీ, 2.75 అంగుళాల వడగళ్లు గానీ వస్తాయనుకుంటేనే ఫోను దానంతట అది అరుస్తుంది. మామూలు హెచ్చరికకు 58 మైళ్ల గాలి లేదా ఒక అంగుళం వడగళ్లు చాలు. ట్రైలర్ పక్కన నీడకు చాపే గుడ్డ పందిరి, అంటే గుడారం, విరగడానికీ, ప్లాస్టిక్ మూతలు పగలడానికీ 80 మైళ్ల దాకా అక్కర్లేదు. అందుకే రేడియో. దానితో ఉన్న చిక్కల్లా అది ఊళ్ల పేర్లకంటే ముందు కౌంటీల పేర్లు, అంటే మన జిల్లాల్లాంటి వాటి పేర్లు, చెబుతుంది. దారిన పోయేవాడికి తాను ఏ కౌంటీలో ఉన్నాడో ఏం తెలుస్తుంది? మా ఆవిడ ఒక కాగితం మీద డేవిసన్, బ్రూల్, జాక్సన్, పెన్నింగ్టన్ అని దారి పొడవునా వచ్చే కౌంటీలను వరుసగా తెలుగులో రాసి ఇచ్చింది. ఒక్కొక్కటి దాటగానే దాన్ని కొట్టేసే పని మామయ్యగారిది. రేడియోలో యంత్రం గొంతు "జాక్సన్" అంటే చాలు, ఆయన చెయ్యెత్తేవారు.

వివియన్ అనే చిన్న ఊరి దగ్గర పెట్రోలు కోసం ఆగాం. అమెరికాలో నమోదైన వడగళ్లలో అన్నిటికంటే పెద్దది ఆ ఊళ్లోనే పడింది, 2010 జులై 23న. అడ్డుకొలత ఎనిమిది అంగుళాలు, బరువు దాదాపు 880 గ్రాములు. దొరికినాయన దాన్ని ఫ్రీజర్‌లో దాచాడు గానీ, తుపానుకు కరెంటు పోవడంతో కొలతకు ముందే కొంత కరిగిందట. "కొబ్బరి బొండాం అంత" అని మామయ్యగారు లెక్క కట్టి, మా కప్పు వైపు జాలిగా చూశారు.

బ్యాడ్‌లాండ్స్ పార్కు పక్కన ఇంటీరియర్ అనే ఊరుంది. ఆ దాపునే ఒక ప్రైవేటు క్యాంప్‌గ్రౌండ్‌లో దిగాం. చుట్టూ మట్టి కొండలు, గులాబీ, పసుపు, బూడిదరంగు చారలతో. గట్టి రాయి కాదది, వానకు ఏడాదికి సుమారు ఒక అంగుళం చొప్పున కరిగిపోతుందని పార్కు వాళ్లు చెబుతారు. చెట్టనేది లేదు. గాలికి అడ్డూ ఆపూ లేదు. క్యాంప్‌గ్రౌండ్‌లో సిమెంటు ఇటుకలతో కట్టిన స్నానాల గదుల కట్టడం ఒకటుంది. ఎక్కడ దిగినా మంచినీళ్ల కుళాయికంటే ముందు అలాంటి కట్టడం ఎక్కడుందో చూసుకోవడం నాకు అలవాటు. ట్రైలర్ ఎంత మంచిదైనా పెద్ద గాలికి ఆశ్రయం కాదు. దొర్లిపోయే వస్తువులో మనుషులు ఉండకూడదు.

రెండో సాయంత్రం పడమర నుంచి మబ్బు లేచింది. నీలం, దాని అడుగున ఆకుపచ్చ ఛాయ. రేడియో జాక్సన్ అంది, మామయ్యగారి చెయ్యి లేచింది. ఆ తరువాత పనులు ఎవరివి వాళ్లు చేసుకున్నాం. గుడారం చుట్టి గొళ్లెం వేయడం మా ఆవిడది. అన్నిటికంటే ముందు చేయాల్సిందదే, ఎందుకంటే గాలి మొదలయ్యాక చుట్టబోతే దాని చేతులు మనుషుల్ని కొడతాయి. పక్కకు జరిపిన సోఫా భాగాన్ని లోపలికి లాగాను. బయటికి పొడుచుకుని ఉంటే దాని రబ్బరు అంచుల్లోంచి జల్లు కొడుతుంది, గాలి పట్టు కూడా ఎక్కువ. కరెంటు ప్లగ్గు పీకాను, గ్యాసు సిలిండర్ మూశాను, పైమూతలన్నీ బిగించాను. పికప్ ట్రక్కును ట్రైలర్ నుంచి విడదీయనేలేదు. ఆ బరువు తోడుంటే బండి అంత తేలిగ్గా కదలదు.

మామయ్యగారు ఒక్క విషయంలో వాదించారు. టార్పాలిన్ ఉంది కదా, కప్పంతా కప్పి తాళ్లతో కట్టేద్దాం అని. కోనసీమలో తాటాకింటికి అలాగే చేస్తారు. కానీ రబ్బరు కప్పు మీద గాలికి టార్పాలిన్ టపటపా కొట్టుకుంటే ఒక్క రాత్రిలో రబ్బరు అరిగిపోతుంది, ఇనుప కన్నాలున్న అంచులైతే చీల్చేస్తాయి కూడా. చెబితే విన్నారు. ఆ సిమెంటు ఇటుకల కట్టడానికి పోదాం అన్నప్పుడు మాత్రం వాదన లేదు, అందరికంటే ముందు నడిచింది ఆయనే. 1996 నవంబర్ 6 రాత్రి తుపాను కాకినాడ దగ్గర తీరం దాటినప్పుడు ఆయన ఊరి బడిలో తలదాచుకున్నారు. వెయ్యిమందికి పైగా పోయిన తుపాను అది. తెల్లవారి చూస్తే కొబ్బరితోటలు నేలమట్టం. సామాను కోసం వెనక్కి వెళ్లినవాళ్ల సంగతి ఆయన ఎప్పుడూ వివరంగా చెప్పరు.

వడగళ్లు ఎంతోసేపు పడలేదు. నిమ్మకాయ సైజువి, రేకు మీద పడుతుంటే మాట వినబడలేదు. పక్క బండి తాలూకు మడత కుర్చీ ఒకటి మా తలుపు ముందు నుంచే ఎగిరిపోయింది. ఆ వెనకే కుంభవృష్టి.

వాన వెలిశాక బయట కనబడిన నష్టం ఎవరికైనా కనబడేదే: రేకు నిండా సొట్టలు, ఏసీ తొడుగుకు పగులు, స్నానాల గది మూత రెండు ముక్కలు. ఎండకు ఏళ్ల తరబడి పెళుసెక్కిన ప్లాస్టిక్ అంతకంటే ఆగదు. కింద టబ్బులో వడగళ్లు, నీళ్లు. టబ్బులో పడిన నీరు టబ్బు దారినే పోయింది కనుక దానివల్ల బెంగ లేదు. మందపాటి ప్లాస్టిక్ సంచి కోసి కంతకు టేపుతో అతికించాను.

నాకు భయమంతా కనబడని చోట. తేమ కొలిచే చిన్న యంత్రం ఒకటి ఉంది, రెండు సూదులుంటాయి, చెక్కకు గుచ్చితే అంకె చూపిస్తుంది. ముందు గోడ పైభాగంలో గుచ్చితే పొడి. మామయ్యగారు యంత్రాన్ని నమ్మక, వేలి కణుపుతో గోడంతా కొడుతూ పోయి, పడక కింది అరమర దగ్గర ఆగారు. "ఇక్కడ మోత మారింది." మూత తీసి చెయ్యి పెడితే అడుగు ప్లైవుడ్ తడి. పైన లైటు ఒకటి వడగల్లు దెబ్బకు పగిలింది. కంతలోంచి దూరిన నీరు గోడ లోపల రేకు వెంబడి జారి, ఆరడుగుల కింద మూలన చేరింది. నీరు పల్లమెరుగు అంటారు కదా. తడి కనబడినచోట కాకుండా దానికి పైన వెతకాలని ఆయనకు పెంకుటిల్లు ఎప్పుడో నేర్పింది.

తడిసిన చెక్కకు ఒకటి రెండు రోజులే గడువు, అది దాటితే బూజు పడుతుంది. ఆ రాత్రే ప్లైవుడ్ పలక విప్పి, తడిసిన ఇన్సులేషన్ పీకి పారేశాను. అది ఎంత ఆరబెట్టినా పనికిరాదు. మర్నాడు బ్యాడ్‌లాండ్స్ ఎండ, పొడిగాలి మాకు ఉచితంగా దొరికాయి. తలుపులన్నీ తెరిచి, ఫ్యాను ఆ మూలకు తిప్పి, కొండలు చూడ్డానికి వెళ్లాం. తిరిగొచ్చి సూదులు గుచ్చితే అంకె సగానికి దిగింది. అయితే ఆ మూలనే ఒక చెక్క కొన వేలితో నొక్కితే మెత్తగా లోపలికి పోయింది. ఒక్క రాత్రి వానకు చెక్క అలా కాదు. అది ఏళ్లనాటి చెమ్మ, మేము కొనకముందుది. బయట రేకు మాత్రం నిగనిగలాడుతూనే ఉంది.

అక్కణ్నుంచి ర్యాపిడ్ సిటీ. క్యాంప్‌గ్రౌండ్‌లో వాగు పక్కన నీడగా ఉన్న చోటు ఇస్తామన్నారు, వద్దని గట్టు మీది ఎండచోటు తీసుకున్నాం. 1972 జూన్ 9 రాత్రి కొండల్లో కురిసిన వానకు ర్యాపిడ్ క్రీక్ పొంగి, కాన్యన్ లేక్ ఆనకట్ట తెగి, 238 మంది చనిపోయారు. ఆ తరువాత ఊరివాళ్లు వరద తాకిన నేలలో మళ్లీ ఇళ్లు కట్టనివ్వకుండా పార్కులు చేశారు. వాగు వెంబడి ఆ పచ్చికలో సాయంత్రాలు నడిచాం. కట్టడానికి అంత జాగా ఉండి కట్టకుండా వదిలారంటే మామయ్యగారు చాలాసేపు నమ్మలేదు. రష్‌మోర్ కొండ, కస్టర్ పార్కు అడవిదున్నలు అందరూ చూసేవే, మేమూ చూశాం. నీడిల్స్ హైవే సొరంగాల్లో ట్రైలర్ పట్టదు, దాన్ని దింపి పికప్‌లోనే వెళ్లాలి.

ఇంటికి వచ్చాక నష్టం అంచనా వేసే ఇన్సూరెన్స్ అడ్జస్టర్ వచ్చి, సుద్దముక్కతో ఒక్కొక్క సొట్ట చుట్టూ సున్నా చుట్టాడు. మధ్యాహ్నానికి బండి నిండా సున్నాలే. నా ఫోనులోని పాత ఫొటోలు చూసి, అతుకులు తుపానుకు ముందు బాగున్నాయని ఒప్పుకుని, సొట్టలకూ, మూతకూ, ఏసీ తొడుగుకూ, లైటుకూ, దాని వల్ల తడిసిన పలకకూ డబ్బు రాశాడు. మెత్తబడిన చెక్కకు రాయలేదు. మెల్లగా కారి పుచ్చినది యజమాని పోషణ లోపం కిందికి వస్తుంది, పాలసీలో ఆ మాట స్పష్టంగానే ఉంది. వాదించడానికి ఏమీ లేదు.

ఆ చెక్క నేనే మార్చాను. అప్పటికి మామయ్యగారు అమలాపురం చేరిపోయారు. వీడియోలో చూపించమన్నారు. కొత్త ముక్క కోసి బిగించబోతుంటే ఆపి, "కోసిన కొనలకు రంగు పూశారా? నీళ్లు తాగేది కొనల్లోంచే" అన్నారు. పూయలేదు. మరలు మళ్లీ విప్పి, రెండు కొనలకూ రెండేసి పూతలు వేసి, ఆరాక బిగించాను.