పది సెకన్లకో మెరుపు

దుగరాజపట్నం ఎదుట సముద్రంలో ఉన్న ఆర్మగాన్ ఇసుక తిప్పలు నీళ్ల కింద దాక్కుని ఓడని పట్టేస్తాయి. అమెరికాలో సుపీరియర్ సరస్సు ఉత్తరపు ఒడ్డున అలా కాదు, నిట్టనిలువు కొండరాయే ఎదురొస్తుంది. పైగా ఆ ఒడ్డున దిక్సూచి ముల్లు తప్పు చూపిస్తుందని ఓడల వాళ్లకి పేరుమోసిన భయం. 1905 నవంబరు తుపానులో ఓడలు వరసగా దెబ్బతిన్నాక స్ప్లిట్ రాక్ లైట్‌హౌస్ కట్టారు. 1910లో వెలిగింది. అప్పటికి రోడ్డు లేదు. సామానంతా ఓడలో తెచ్చి క్రేనుతో కొండెక్కించారు.

స్తంభం 54 అడుగులే. మిగతా ఎత్తు కొండది. దీపం నీటిమట్టానికి 51 మీటర్ల పైన ఉంటుంది. ఎంత దూరం కనిపిస్తుందో మీరే లెక్కేయొచ్చు: దీపం ఎత్తు వర్గమూలానికి కంటి ఎత్తు వర్గమూలం కలిపి, 2.08తో హెచ్చవేస్తే నాటికల్ మైళ్లు వస్తాయి. ఎత్తులు రెండూ మీటర్లలో ఉండాలి. కన్ను 4 మీటర్ల ఎత్తున ఉంటే 19, అంటే మామూలు మైళ్లలో 22. మన ఫైబరు బోటులో కూర్చున్నవాడికి, కన్ను మీటరున్నర ఎత్తున అనుకుంటే, 17 నాటికల్ మైళ్లకి పడిపోతుంది.

1940లో కరెంటు దీపం పెట్టేదాకా అది పనిచేసిన తీరు పెట్రోమాక్స్ లాంటిదే. కిరసనాయిలు ఆవిరై మండి మాంటిల్‌ని వెలిగించేది. అసలు అద్భుతం దాని చుట్టూ ఉన్న ఫ్రెనెల్ అద్దం, అంటే గాజు పట్టకాల్ని వలయాలుగా పేర్చి వెలుగుని ఒకే వైపుకి పంపే కటకం. పారిస్‌లో చేశారు. ఆల్చిప్ప రెండు చిప్పల్లా రెండు ముఖాలు. 20 సెకన్లకొక చుట్టు, కాబట్టి పది సెకన్లకో మెరుపు. టన్నుల బరువైన ఆ అద్దం పాదరసం మీద తేలుతుంది. అందుకే వేలాడే బరువుతో నడిచే గడియారం యంత్రం దాన్ని తిప్పగలిగేది. రెండేసి గంటలకొకసారి ఆ బరువుని పైకి చుట్టాలి. పాదరసంలో మురికి చేరితే తిరుగుడు మందగిస్తుంది. మెరుపు వ్యవధి మారితే ఓడవాడు ఇది మరో దీపం అనుకుంటాడు. వెలుగు తగ్గడం కన్నా ఇదే ఎక్కువ ప్రమాదం. పొగమంచులో వెలుగు ఎలాగూ పనికిరాదు, అందుకని పక్కనే గాలి ఒత్తిడితో మోగే సైరన్ పెట్టారు.

1969లో ఆ దీపాన్ని విరమించారు. 1975 నవంబరు 10న 29 మందితో మునిగిన ఎడ్మండ్ ఫిట్జరాల్డ్ ఓడ జ్ఞాపకంగా ఏటా ఆ రోజున మళ్లీ వెలిగిస్తారు.

కృష్ణపట్నం వైపు రాత్రిపూట వెళ్తే అక్కడి దీపం వ్యవధి కొలిచి చూడండి. మొదటి మెరుపుకి వాచీ నొక్కి 'సున్నా' అనండి. 'పది' అన్న మెరుపు దగ్గర ఆపి, పదితో భాగించండి. 'ఒకటి' అని మొదలుపెట్టారో, స్ప్లిట్ రాక్ పది సెకన్లు కూడా తొమ్మిదిగా తేలుతుంది.