తల మీద చెయ్యి

డోర్నకల్ అనగానే చాలామందికి గుర్తొచ్చేది రైలు మారడం. కాజీపేట–విజయవాడ లైను నుంచి కొత్తగూడెం వైపు పట్టాలు చీలేది అక్కడే. అందుకే గోల్కొండ ఎక్స్‌ప్రెస్ ఖమ్మం దాటగానే, ఎదురు సీట్లో పెద్దాయన మా అమ్మ తెల్లచీర, ఒళ్లో సంచీ చూసి, "భద్రాచలం రాములవారి దగ్గరికా అమ్మా?" అనడిగాడు.

"కాదన్నయ్యా, డోర్నకల్ గుడికే" అంది అమ్మ.

"ఓహో, ఆ పెద్ద చర్చా! అచ్చం మసీదులా ఉంటుంది గదా."

పక్కన కూర్చున్న కుర్రాడు ఫోన్లోంచి తలెత్తాడు. "మసీదేంది తాతా, లోపలికి పోతే దేవళం మండపంలా ఉంటది." మేం దిగేదాకా ఇద్దరూ తగ్గలేదు.

ఇద్దరూ చెప్పింది నిజమే. బయటి నుంచి గుమ్మటాలు, మినార్లు. లోపల అడుగుపెడితే రాతి స్తంభాలు. ఎపిఫనీ కెథడ్రల్ అంటారు దాన్ని. 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగింది. తూర్పు దేశపు జ్ఞానులు చంటిబిడ్డ యేసును వెతుక్కుంటూ వచ్చిన రోజుగా చర్చి పండుగ చేసుకునే తేదీ అది. బేత్లెహేముకు వచ్చిన ఆ జ్ఞానులు ముందు యూదుల్లా వేషం మార్చుకుని రాలేదు. తమ దగ్గరున్నది పట్టుకుని, తమలాగే వచ్చారు. ఈ గుడి కట్టించిన బిషప్ అజరయ్యగారి మనసులో ఉన్నదీ అదేనని నా నమ్మకం. ఇంగ్లండులో ఉన్నట్టు మొనదేలిన శిఖరం కట్టించడానికి ఆయనకు నమూనాలు కావలసినన్ని ఉన్నాయి. ఆయన కట్టించలేదు.

మెట్ల దగ్గర చెప్పులు విడిచి లోపలికి వెళ్లాం. మామూలు రోజు కావడంతో జనం లేరు. చీపురు పట్టుకుని ఒకావిడ మాత్రం ఉంది. "యాడికెళ్లి వచ్చిండ్రమ్మా?" అని పలకరించింది. అమ్మ "వందనాలమ్మా" అని, మా తాతముత్తాతల చరిత్రంతా మొదలుపెట్టింది. అమ్మ ఇంత దూరం వచ్చింది దాని కోసమే మరి. అమ్మ వాళ్ల తాతకు బాప్తిస్మం ఇచ్చింది అజరయ్యగారే. మధిర దగ్గర పల్లెలో చెరువుగట్టున గుడారం వేసుకుని దిగారట బిషప్‌గారు. మా ముత్తాత అప్పటికి ఒక ఆసామి దగ్గర జీతగాడు.

అజరయ్యగారు తెలుగువారు కారు. 1874లో తిరునెల్వేలి ప్రాంతంలో, వెళ్ళాలన్‌విళై అనే ఊళ్లో, ఒక పల్లె పాస్టరుగారింట పుట్టారు. మద్రాసులో చదివారు గానీ డిగ్రీ చేతికి రాలేదు. క్రైస్తవ యువజన సంఘమైన వైఎంసీఏలో ఏళ్ల తరబడి పనిచేశాక, 1909లో నిజాం రాజ్యంలోని ఈ డోర్నకల్‌కు మిషనరీగా వచ్చారు. పంపింది లండన్ కాదు, తిరునెల్వేలి క్రైస్తవులు. వాళ్లే 1903లో ఇండియన్ మిషనరీ సొసైటీ పెట్టుకుని, తమ కానుకలతో ఆయన్ను పోషించారు. వచ్చాక తెలుగు నేర్చుకున్నారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్‌గా అభిషేకం జరిగింది. ఇంగ్లండు చర్చి పరంపరకు చెందిన ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన మొదటి భారతీయుడు ఆయనే. అంతకు రెండేళ్ల ముందు ఎడింబరోలో ప్రపంచ మిషనరీల సభలో నిలబడి, మీరు మాకు ఎన్నో ఇచ్చారు, ఇప్పుడు ప్రేమ కావాలి, మాకు స్నేహితులను ఇవ్వండి అని ముఖం మీదే చెప్పిన మనిషి. దొరలు నొచ్చుకున్నారు. నొచ్చుకోవాలి కూడా.

ఇదంతా పుస్తకాల్లో ఉంది. నాకు ఎప్పటినుంచో మింగుడుపడనిది ఇంకొకటి.

నేను పుట్టకముందు అమ్మ మొక్కుకుంది, కొడుకు పుడితే దేవుని సేవకిస్తానని. మా ఇళ్లల్లో ఇది మామూలే. హన్నా సమూయేలును ఇచ్చిన కథ వినని తల్లి ఉండదు. పుట్టాను. చదివాను. సేవకు వెళ్లలేదు, బ్యాంకులో చేరాను. అందులోనూ బాకీల వసూళ్ల విభాగంలో. యువజన కూటాల్లో "నీ జీవితంపై దేవుని సంకల్పం ఏమిటి?" అని ప్రసంగీకుడు గొంతెత్తినప్పుడల్లా, వెనక వరసలో కూర్చున్న నాకు సంకల్పమంటే పాస్టరు, సువార్తికుడు, మిషన్ ఆసుపత్రి నర్సు అనే అర్థమయ్యేది. గోల్డ్ లోను వాయిదా కట్టని వాళ్లకు ఫోన్లు చేసేవాడికి అందులో చోటుందని ఎవరూ చెప్పలేదు. అమ్మ పైకి ఏమీ అనదు. ప్రార్థనలో మాత్రం నా పేరు దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతుంది.

అజరయ్యగారి సంఘాల్లో ఒక ఆనవాయితీ ఉండేది. బాప్తిస్మం తీసుకునేవాళ్లు తమ చెయ్యి తమ తల మీదే పెట్టుకుని ఒక మాట పలకాలి: "నేను బాప్తిస్మం పొందిన క్రైస్తవుణ్ణి. సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ." రెండో వాక్యం, అంటే ప్రకటించకపోతే నాకు కీడు తప్పదన్న మాట, కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో పౌలు తన గురించి చెప్పుకున్నది. పౌలు అపొస్తలుడు కాబట్టి అన్నాడు, సరే. ఈయన అదే మాటను అక్షరం ముక్క రాని కూలివాళ్ల చేత, మాల మాదిగ పల్లెల్లోని ఆడవాళ్ల చేత పలికించారు. అభిషేకం చేసేటప్పుడు బిషప్ చెయ్యి పాస్టరు తల మీద ఉంటుంది. ఇక్కడ జీతగాడి చెయ్యి జీతగాడి తల మీదే ఉంది.

మా ముత్తాత ఆ మాట పలికి, మర్నాడు తెల్లారి మళ్లీ ఆసామి కొట్టంలో పేడ ఎత్తాడు. ఉద్యోగం మారలేదు, కూలి పెరగలేదు. మరి ఏం ప్రకటించాడు? అమ్మకు తెలిసిన జవాబు చిన్నది. ఆయన కల్లు మానేశాడు. అప్పు చేయడం మానేశాడు. ఆసామి దగ్గర పెళ్లికి తీసుకున్న బాకీ తీరాక, కొత్త నోటు మీద వేలిముద్ర వేయనన్నాడు. ఆ పల్లెలో అలా అన్న మొదటి మనిషి ఆయనేనట. ఊరు వింతగా చూసిందట.

అజరయ్యగారు పల్లె సంఘాలకు నాలుగు దయ్యాలను చూపించేవారు: మురికి, రోగం, అప్పు, తాగుడు. ఇప్పుడు చర్చిల్లో దయ్యాల గురించి వినపడేదంతా స్వస్థత కూటాల్లో మైకుల్లోనే. అప్పును దయ్యమని పేరుపెట్టి తిట్టిన ప్రసంగం నా వయసులో ఒక్కటీ వినలేదు. వినాల్సింది నేనే, రోజంతా దానితోనే ఉంటాను కాబట్టి. క్రైస్తవ పెళ్లిళ్లకు కూడా ఇప్పుడు స్టేజీ డెకరేషను, డ్రోను, వెయ్యిమందికి భోజనాలు. ఆ పెళ్లి ఆశీర్వాదం అయిన ఆర్నెల్లకు ఆ తండ్రి ఫైలు నా టేబుల్ మీదికొస్తుంది. మనకు వాస్తవంలో మారాల్సిన సంస్కృతి ఇది. గుడికి గుమ్మటం ఉండాలా, శిఖరం ఉండాలా అన్నది తర్వాత సంగతి.

మా ఆఫీసులో ఒకాయన కుర్చీ వెనక ఒక వాక్యం అతికించుకున్నాడు: ఏం చేసినా మనుషుల కోసం కాక ప్రభువు కోసమన్నట్టు మనస్ఫూర్తిగా చేయమని. కొలొస్సయులకు రాసిన పత్రిక మూడో అధ్యాయంలోది. దానికి ఒక వచనం ముందు చూస్తే, ఆ మాట ఎవరికి చెప్పారో ఉంటుంది: దాసులకు. నాకు ఇది చాన్నాళ్లు గుచ్చుకుంది. ఆసాములకు ఎంత సౌకర్యంగా ఉండే వాక్యం! అయితే అదే పత్రిక తర్వాతి అధ్యాయం మొదటి వచనంలోనే యజమానులకూ తాఖీదు ఉంది, న్యాయమైనదీ ధర్మమైనదీ దాసులకు చేయండి, పరలోకంలో మీకూ యజమాని ఉన్నాడని. గోడకు అతికించేవాళ్లు అది అతికించరు. మా ముత్తాత రెండూ విని ఉంటాడనుకుంటాను. పేడ ఎత్తడంలో లోటు చేయలేదు, వేలిముద్ర మాత్రం వేయలేదు.

అజరయ్యగారిని దేవుణ్ణి చేయనక్కర్లేదు. ఆయన ఆరాధన క్రమం ఆంగ్లికన్ ప్రార్థన పుస్తకమే. దేశీయత అన్నంతమాత్రాన అన్నీ మార్చేయలేదు. ఆయన హయాంలో సంఘం రెండు లక్షలు దాటినా, లోపల కులం గోడ కూలలేదు. మాల చర్చి, మాదిగ చర్చి అని చెవిలో చెప్పుకోవడం నేటికీ వింటున్నాం. సంఘాలన్నీ ఒక్కటి కావాలని ఆయన పడ్డ పాటు సీఎస్ఐగా, అంటే దక్షిణ భారత సంఘంగా, 1947 సెప్టెంబరు 27న నెరవేరింది గానీ, చూడటానికి ఆయన లేరు. 1945 జనవరి 1న డోర్నకల్‌లోనే కన్నుమూశారు.

చీపురావిడ దగ్గరకొచ్చి, అమ్మ ఒళ్లోని సంచీలో ఏముందని అడిగింది. సన్న బియ్యం. రోజూ అన్నం వండే ముందు ఒక పిడికెడు తీసి పక్కన డబ్బాలో వేస్తుంది అమ్మ. వాళ్లమ్మ వేసేది, అమ్మమ్మ వేసేది. పిడికెడు బియ్యం అని మా సంఘాల్లో పాత అలవాటు. ఆదివారం గుళ్లో పోస్తే పాస్టరుగారి కుటుంబానికో, లేనివాళ్లకో వెళ్తుంది. డబ్బులేని ఆడవాళ్లు కూడా ఇవ్వగలిగిన కానుక అది. రాబడిలో పదో వంతు కానుకను, దశమభాగాన్ని, ఫోన్లో నంబరు కొట్టి పంపేసే నాలాంటి వాడికి ఆ పిడికిలి సంగతి తెలియదు. అన్నం వండే ప్రతిసారీ, ఆకలి మీద ఉన్నా సరే, ముందు ఒకసారి చెయ్యి ఆగాలి.

"ఇంత దూరం మోసుకొస్తిరా? ఆ పక్క హాస్టల్ పిల్లలున్నరు, ఇయ్యండ్రి" అంది ఆవిడ. అమ్మ మొహం వెలిగిపోయింది. ఆ పని అయ్యాకే ప్రార్థనకు కూర్చుంది. మోకాళ్లు సహకరించక బల్ల మీదే కూర్చుని, కళ్లు మూసుకుని, తన చెయ్యి తన తల మీద పెట్టుకుంది. నేనూ పెట్టుకోవాలా అని ఒక క్షణం తటపటాయించాను. ఎవరైనా చూస్తారేమోనని కాదు, పెట్టుకుంటే తర్వాత తప్పించుకోలేనని. పెట్టుకున్నాను.

తిరుగు రైల్లో సీటు దొరకడానికి బోనకల్లు దాటాల్సి వచ్చింది. కూర్చున్నాక అమ్మ కొంగుతో మొహం తుడుచుకుని, మా వీధి చివర ఉండే తన ప్రార్థన స్నేహితురాలి సంగతి ఎత్తింది. కూతురి పెళ్లి కుదిరిందట. ఉన్న నాలుగు పేటల గొలుసు తాకట్టు పెట్టి, పైన ఇంకో అప్పు చేస్తానంటోందట.

"సోమవారం నీ బ్యాంకుకు పంపిస్తాను, కాస్త మాట్లాడరా."

"లోను ఇప్పించమంటావా?"

"వద్దని చెప్పమంటున్నాను. లెక్క వేసి చూపించు. నేను చెబితే వినదు, నువ్వు రోజూ చూసే పనేగా."