అంతా మేనమామ పోలికేనట

పదకొండు దాటింది. ఈయన గురక మొదలెట్టారు. చిన్నాడి గదిలో లైటు ఇంకా వెలుగుతోంది.

పొద్దున బాత్రూం జాలీలో చిక్కుకున్న వెంట్రుకలు తీస్తుంటే వెనక నిలబడి "ఎన్నున్నాయి?" అన్నాడు. లెక్కపెట్టడానికి అవేమన్నా చింతగింజలా అన్నాను. ముఖం మాడ్చుకున్నాడు. కాఫీల దగ్గర అసలు సంగతి బయటికొచ్చింది. వాడుండే ఊళ్ళో ఏదో క్లినిక్ వాళ్ళు ఉమ్మి తీసుకుని జీన్ టెస్ట్ చేశారట. ఎనిమిది వేలు. ఇరవై పేజీల రిపోర్టు, రంగురంగుల గీతలు. తేలిందేమిటంటే వీడికి బట్టతల వచ్చే అవకాశం ఉందని! ఆ ముక్క వాడి నుదురు చూసి మా పనమ్మాయి చెప్పేది, పైసా తీసుకోకుండా.

అక్కడితో ఆగలేదు. "మగపిల్లలకి ఎక్స్ క్రోమోజోమ్ వచ్చేది అమ్మ నుంచే. బట్టతలకి ముఖ్యమైన జన్యువు దాని మీదే ఉంది. అంటే నీవల్లే" అన్నాడు. పేపరు వెనక నుంచి ఈయన నవ్వు. మీకు తెలుసుగా, మాట అనరు, పేపరు మడతపెడతారు. తన బట్టతల మీద ముప్ఫయ్యేళ్ళ నా జోకులకి వడ్డీతో సహా వసూలు చేసుకున్నారు.

మా నాన్నకి డెబ్భై దాటాక కూడా దువ్వెన దిగేది కాదు. ఆ మాటే అన్నాను. "మరి మావయ్యకో?" అన్నాడు. ఇంకేం మాట్లాడను? తమ్ముడికి ముప్ఫై నిండకుండానే నెత్తి ఖాళీ. వాడికున్న ఎక్స్ అమ్మది. నాకు అమ్మదీ ఉంది, నాన్నదీ ఉంది. పెద్దాడికి మా నాన్న జుట్టు దక్కినట్టుంది, వీడికి మా అమ్మ వైపు ఎక్స్. మేనమామ పోలిక అని ముసలమ్మలు ఊరికే అనలేదు.

మధ్యాహ్నం ఫోన్ పట్టుకు కూర్చున్నాను, వాడి నోరు మూయిద్దామని. దొరికింది. 2017లో బ్రిటన్‌లో 52,000 మంది మగవాళ్ళ జన్యువులు జల్లెడ పడితే బట్టతలతో సంబంధమున్న చోట్లు 287 తేలాయట. అందులో ఎక్స్ మీద 40. మిగతా 247లో అమ్మకీ నాన్నకీ ఇద్దరికీ వాటా ఉంది. ఈయనకి గట్టిగా చదివి వినిపించాను. "అయితే నలభై నీవేనన్నమాట" అన్నారు.

అసలు మంట అది కాదు. ఆ క్లినిక్‌లో "జీన్ వైద్యం రాబోతోంది, ఇప్పుడే ప్యాకేజీ కట్టండి" అన్నారట. జన్యువు మార్చి జుట్టు మొలిపించే వైద్యానికి ఇంకా ఏ దేశమూ అనుమతివ్వలేదు. ఆలు లేదు చూలు లేదు, అడ్వాన్సు మాత్రం ఇవ్వాలి! కట్టేశావా అని అడిగితే ఫోన్ చూసుకుంటున్నాడు. జుట్టే కదరా, కాలో చెయ్యో పోయినట్టు ఏమిటీ ఏడుపు అన్నాను. లేచి వెళ్ళిపోయాడు.

సాయంత్రం ఉతకడానికి వాడి బ్యాగులోంచి బట్టలు తీస్తుంటే బిళ్ళల అట్ట. ఫినాస్టరైడ్, 1 మి.గ్రా. ఈయన ప్రొస్టేట్‌కి వేసుకునేదీ అదే, 5 మి.గ్రా. డాక్టరు రాసిచ్చిందేనట. తండ్రికి అక్కడ, కొడుక్కి నెత్తిన, ఒకటే బిళ్ళేమిటా అని మళ్ళీ ఫోన్ తీశాను. డొమినికన్ రిపబ్లిక్‌లో సాలినాస్ అని ఒక పల్లె. కొన్ని కుటుంబాల్లో జన్యులోపం వల్ల టెస్టోస్టిరాన్ అనే మగ హార్మోన్‌ని డీహెచ్‌టీ అనే ఇంకో హార్మోన్‌గా మార్చే ఎంజైమ్ పనిచెయ్యదు. ఆడపిల్లలనుకుని పెంచినవాళ్ళు ఈడొచ్చేసరికి మగపిల్లలయ్యేవారు. వాళ్ళకి ప్రొస్టేట్ పెరగదు, బట్టతల రాదు. 1974లో జూలియాన్ ఇంపెరాటో-మెక్‌గిన్లీ అనే డాక్టరమ్మ వాళ్ళ గురించి రాసింది. ఆ ఎంజైమ్‌ని అడ్డుకునే ఈ ఫినాస్టరైడ్‌కి అమెరికాలో 1992లో ప్రొస్టేట్‌కి, 1997లో జుట్టుకి అనుమతి వచ్చింది. అంటే ఎక్కడో పల్లెలో తప్పిన జన్యువు మా అలమారలో బిళ్ళై కూర్చుంది. వాడి ఎదురుచూపు మరీ అంత పిచ్చిదేం కాదేమో. క్లినిక్ వాళ్ళ మీద కోపం మాత్రం అలాగే ఉంది.

ఈయన పెళ్ళిచూపులకి వచ్చిన రోజు గుర్తొచ్చింది. మే నెల, మేడ మీద గది. కూర్చుంటూనే ఫ్యాన్ ఆపమన్నారు. జలుబేమో అనుకున్నాం. పిన్ని కూతురూ నేనూ తలుపు సందులోంచి చూస్తే, కుడి చెవి మీద నుంచి ఎడమ చెవి దాకా నూనెతో అతికించిన నాలుగు పాయలు. చెమట కళ్ళల్లోకి కారుతున్నా చెయ్యెత్తి తుడుచుకోరు. మా బాబాయి జాలిపడి స్విచ్ వేశాడు. అంతే, పాయలన్నీ లేచి నిలబడ్డాయి. నా నవ్వు ఆయనకి వినబడింది. ఒంగోలు బస్సు దిగేదాకా ఎవరితోనూ మాట్లాడలేదట, చాలా ఏళ్ళకి మా అత్తగారు చెప్పారు. సంబంధం వద్దని ఎందుకు అనలేదో ఈయన ఇప్పటికీ చెప్పరు.

ఈ కథ చుట్టాలందరికీ వందసార్లు చెప్పాను. ఫ్యాన్ గురించే చెప్పేదాన్ని. చెమట ముక్క ఎప్పుడూ చెప్పలేదు.

రేపు వాడు లేవకముందే జాలీ కడిగేయాలి.